“ఈ పిల్ల ఎవర్నైనా చంపిందా?”: టర్కిష్–ఇంగ్లీష్ నిఘంటువులు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

టర్కిష్–ఇంగ్లీష్ నిఘంటువులు కూర్చేవారికి, అనువాద యాప్‌లు తయారు చేసేవారికి, సబ్‌టైటిళ్లు రాసేవారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో డబ్బింగ్ సీరియళ్లకు తెలుగు మాటలు రాసి బతుకుతున్నదాన్ని. టర్కీ సీరియల్ ఏదైనా మా చేతికి వచ్చిందంటే దాంతోపాటు ఒక ఇంగ్లీష్ స్క్రిప్టు వస్తుంది. టర్కిష్‌ని ఇంగ్లీష్ చేసేది మీరు, ఆ ఇంగ్లీష్‌ని తెలుగు చేసేది మేము. మధ్యలో ఏం జారిపోయిందో చాలాసార్లు మీకూ తెలియదు, మాకూ తెలియదు. మైకు ముందు నిలబడి ఆ మాట నోటితో అనాల్సిన మనిషికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

ఆ రోజు కృష్ణానగర్‌లో ఒక చిన్న డబ్బింగ్ థియేటర్లో ఉన్నాం. తెర మీద వంటింట్లో తల్లీ కూతురూ. కాపురం చెడి పుట్టింటికొచ్చిన కూతురు టేబుల్ మీద తల వాల్చి ఏడుస్తోంది. తల్లి ఆ పిల్ల తల నిమురుతూ చిన్న ముక్క ఒకటి అంటుంది. నా దగ్గరున్న ఇంగ్లీష్ కాగితంలో ఆ చోట “క్రైమ్” అనే మాట ఉంది. పొద్దున్నే రికార్డింగ్, అర్ధరాత్రి దాకా రాత. బుర్ర పక్కన పెట్టేసి “నీ నేరం ఏమీ లేదమ్మా” అని రాసి పడేశాను. తల్లి పాత్రకు గొంతిచ్చే ఆవిడ ముప్పయ్యేళ్లుగా ఈ పనిలో ఉన్నారు. హెడ్‌ఫోన్ తీసేసి, అద్దం అవతలి నుంచి నన్ను చూసి, “ఏమ్మా, ఈ పిల్ల ఎవర్నైనా చంపిందా?” అని అడిగారు. సౌండ్ ఇంజనీర్ పగలబడి నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

టర్కిష్‌లో ఆ తల్లి అన్నది “సెనిన్ సుచున్ యోక్” అని. ఏ తెలుగు తల్లయినా అనే మాటే అది. “నీ తప్పేం లేదమ్మా.”

ఆ ‘సుచ్’ గురించే ఈ ఉత్తరం. అప్పటికే నేను కొద్దికొద్దిగా టర్కిష్ నేర్చుకుంటున్నాను కాబట్టి ఇంటికెళ్లి మీ యాప్ ఒకటి తెరిచి చూశాను. ఇంగ్లీష్‌లో క్రైమ్ అని కొడితే సుచ్ అంది. సుచ్ అని కొడితే క్రైమ్ అంది. వెళ్లిన దారినే వెనక్కి రావడంతో దారి సరైందే అనిపిస్తుంది ఎవరికైనా. కానీ అది అద్దంలో మొహం చూసుకోవడమే తప్ప దారి కాదు.

టర్కీ శిక్షాస్మృతి నిండా ఉన్నది సుచ్ అనే మాటే. హత్యా సుచ్చే, దొంగతనమూ సుచ్చే. అదే మాటను గ్లాసు జారవిడిచిన పిల్లాడూ అంటాడు, “సుచ్ బెందె” అని. తప్పు నాదే అని దానర్థం. బస్సు తప్పిపోయిన మొగుడు పెళ్లాం కూడా “నీ సుచ్చంటే నీ సుచ్చని” వాదించుకుంటారు. కోర్టు బోను నుంచి వంటింటి దాకా ఒకే మాట నడుస్తుందన్నమాట. ఇంగ్లీష్ క్రైమ్ అలా వంటింట్లోకి రాదు. అక్కడ వాళ్లకు ఫాల్ట్ అని వేరే మాట ఉంది, మనసులో పీకే దానికి గిల్ట్ అని ఇంకోటి ఉంది. కాబట్టి ఒక టర్కిష్ పాత్ర తాను ‘సుచ్‌లు’గా, అంటే సుచ్ ఉన్నవాడిగా, ఉన్నానని చెబితే, ఆ మనిషి జైలు నుంచి వచ్చాడా, పరీక్ష తప్పిన కొడుకుని తిట్టి బాధపడుతున్నాడా అన్నది సందర్భమే చెప్పాలి. మీ యాప్ సందర్భం చూడదు. నేను అలా ఒక తండ్రి పాత్ర చేత “నేను నేరస్థుడిలా భావిస్తున్నాను” అనిపించబోయాను. మనిషన్నవాడు అలా మాట్లాడతాడా? “నాదే తప్పనిపిస్తోంది” అంటాడు. ఈ తరం వాళ్లయితే “గిల్టీగా ఉంది” అంటారు.

లిప్ గొడవ కూడా చెప్పాలి, మీకెలాగూ ఎవరూ చెప్పి ఉండరు. డబ్బింగ్‌లో పెదవులు కలిసే అక్షరాలు కొరకరాని కొయ్యలు. తెర మీద పెదవులు మూసుకున్నప్పుడు మా మాటలో ప, బ, మ లాంటిది ఒకటి పడాలి. లేకపోతే గొంతు ఒకచోట, నోరు ఒకచోట. టర్కిష్‌లో “సుచుమ్ నె?” అంటే “నా తప్పేంటి?” అని. సుచుమ్‌లో చివరి మ దగ్గర ఆ అమ్మాయి పెదవులు కలుస్తాయి, మన తప్పేంటిలో ‘ప్పే’ సరిగ్గా అక్కడే పడుతుంది. ఒక్క టేకులో అయిపోయింది. ఇంగ్లీష్ కాగితం పట్టుకుని వెళ్తే ఈ సుఖం దొరకదు.

సరే, ఇది ఇంటి సంగతి. చట్టంలోకి వెళితే చిక్కు ఇంకా ముదురుతుంది. నాకు ఎక్కువ ముచ్చటేసిందీ, కోపం వచ్చిందీ కూడా అక్కడే.

1858లో ఒట్టోమన్ ప్రభుత్వం కొత్త శిక్షాస్మృతి తెచ్చుకుంది. దానికి మూస 1810 నాటి ఫ్రెంచి శిక్షాస్మృతి. ఫ్రెంచివాళ్లు తప్పుల్ని మూడు మెట్లుగా పేర్చుకున్నారు. అన్నిటికంటే ఘోరమైనవి ‘క్రీమ్’, నడిమి మెట్టువి ‘దెలీ’, చిల్లరవి ‘కోంత్రవాన్సియోఁ’. ఇస్తాంబుల్‌లో చట్టం రాసినవాళ్లు ఈ మూడింటికీ అరబీ నుంచి మాటలు తెచ్చి పెట్టారు: జినాయెత్, జున్హా, కబాహత్. ఇంగ్లీష్‌వాళ్ల క్రైమ్ అనే మాటకు తోబుట్టువు ఫ్రెంచి క్రీమ్. ఆ లెక్కన 1858లో క్రైమ్‌కి టర్కిష్‌లో దక్కిన మాట సుచ్ కాదు, జినాయెత్.

ఇప్పుడు ఇస్తాంబుల్‌లో ఎవర్నైనా జినాయెత్ అంటే ఏమిటని అడగండి, హత్య అంటారు. హత్య కేసులు చూసే పోలీసు విభాగం పేరే ‘జినాయెత్ బ్యూరో’. మాట అదే, కానీ మెట్లన్నీ దిగి ఒక్క శవం దగ్గర ఆగిపోయింది. ఈ సంగతి తెలియకుండా ఈనాటి నిఘంటువు పక్కన పెట్టుకుని 19వ శతాబ్దపు కాగితం ఇంగ్లీష్ చేస్తే ఏమవుతుంది? అందులో జినాయెత్ అని ఉన్న ప్రతిచోటా ఒక హత్య జరిగిపోతుంది. దారి దోపిడీ చేసినవాడూ హంతకుడే, దొంగ నాణేలు కొట్టినవాడూ హంతకుడే! ఇదేదో పుస్తకాల పురుగుల గోల అనుకోకండి. 1878లో సైప్రస్ బ్రిటిష్‌వాళ్ల చేతికి వెళ్లాక కూడా చాలా ఏళ్లు అక్కడి కోర్టుల్లో నడిచింది ఒట్టోమన్ శిక్షాస్మృతే. అంటే ఇంగ్లీష్ జడ్జీల ముందు ఈ మూడు మెట్ల మీద మనుషుల్ని నిలబెట్టి శిక్షలు వేశారు.

తర్వాత 1926లో టర్కీ రిపబ్లిక్ ఆ చట్టాన్ని పక్కన పెట్టి, 1889 నాటి ఇటలీ శిక్షాస్మృతిని మూసగా తీసుకుంది. మూడు మెట్లు పోయి రెండయ్యాయి, పెద్దవి జురుమ్, చిన్నవి కబాహత్. ఆ తర్వాత భాషను అరబీ, పార్సీల నుంచి విడిపించే ఉద్యమం వచ్చింది. 1932లో భాషా సంస్థ పెట్టాక పాత మాటలు ఒక్కొక్కటే తప్పుకుంటూ వచ్చాయి. నేరం చేస్తుండగా పట్టుబడితే ‘జుర్ముమెష్‌హుత్’ అనేవాళ్లు, దాని చోట్లో సొంత గడ్డ మీద పుట్టిన ‘సుచ్యుస్త్యు’ వచ్చి కూర్చుంది. నేరం మీదనే అని దాని అర్థం. మన పేపర్లు ఇప్పటికీ ఏసీబీ వలలో పడ్డ ప్రతి అధికారినీ “రెడ్‌హ్యాండెడ్‌గా” పట్టిస్తూనే ఉన్నాయి, మనకింకా అలాంటి మాట పుట్టలేదు. చివరికి 2005 జూన్ 1న అమల్లోకి వచ్చిన 5237 నంబరు చట్టంతో జురుమ్ కూడా పోయి, శిక్షాస్మృతిలో ఒక్క సుచ్ మిగిలింది. కబాహత్‌ని అసలు శిక్షాస్మృతి నుంచే బయటికి తెచ్చి, అదే రోజు నుంచి 5326 నంబరుతో వేరే చట్టం పెట్టారు. పేరు ‘కబాహత్లర్ కానూను’.

150 ఏళ్లు తిరక్కుండానే ఇన్ని మార్పులు. మీ నిఘంటువుల్లో మాత్రం జినాయెత్, జురుమ్, కబాహత్, సుచ్ నాలుగూ ఒకే వరుసలో, కామాలు పెట్టుకుని, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఉంటాయి, పెళ్లి భోజనాల బంతిలో లాగా. ఏది ఏ కాలం నాటిదో, ఏది కోర్టుదో, ఏది ఇంటిదో ఒక్క ముక్క రాయరు. కొత్త మాటలు చేర్చమని నేను అడగడం లేదు. ఉన్నవాటి పక్కన ఆ ఒక్క ముక్క రాయమంటున్నాను.

రాయకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం. మా అక్క కొడుకు అంకారాలో ఎంఎస్ చేశాడు. ఒక రాత్రి స్నేహితుడి పుట్టినరోజని ఫ్లాట్‌లో పాటలు పెట్టారు, కింది ఇంటివాళ్లు ఫోన్ చేశారు, పోలీసులు వచ్చి జరిమానా రాసి వెళ్లారు. ఆ కబాహత్ చట్టంలో 36వ ఆర్టికల్ గోల చేయడం గురించే. దానికి ముందూ వెనకా ఉన్నవి బిచ్చమెత్తడం, తాగి అల్లరి చేయడం, పొగ తాగకూడని చోట తాగడం, గోడల మీద పోస్టర్లు అంటించడం లాంటివి. మావాడు డబ్బు కట్టేశాడు, మర్చిపోయాడు. త్వరగా కడితే నాలుగో వంతు తగ్గిస్తారు కూడా. మన దగ్గర పెండింగ్ చలాన్లకు డిస్కౌంట్ ఇచ్చినట్టే. డిస్కౌంట్ దొరికే దాన్ని ఎక్కడైనా క్రైమ్ అంటారా?

అన్నారు మరి. తర్వాత ఇంకో దేశానికి వీసా పెట్టుకుంటూ, ఎందుకైనా మంచిదని ఆ కాగితాన్ని కూడా ఒక అనువాద ఆఫీసులో ఇంగ్లీష్ చేయించాడు. వాళ్లు కబాహత్‌కి ‘మిస్‌డిమీనర్’ అని రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. నిఘంటువులో ఉన్నదే రాశారు పాపం, వాళ్లను అనడానికి లేదు. కానీ అమెరికా చట్టంలో మిస్‌డిమీనర్ అంటే నేరమే, ఏడాది దాకా జైలు కూడా ఉండొచ్చు. ఇంగ్లండ్‌లో అయితే ఫెలొనీ, మిస్‌డిమీనర్ అనే తేడానే 1967 చట్టంతో ఎత్తేశారు. టర్కీ కబాహత్‌కి కోర్టు శిక్ష లేదు, అధికారులు వేసే జరిమానా, అలాంటి చర్యలే ఉంటాయి. నేర చరిత్ర పత్రంలోకి అది ఎక్కదు. రాత్రి పదకొండింటికి వాడి ఫోన్. “పిన్నీ, వీసా ఫారంలో ఎప్పుడైనా క్రైమ్ చేశావా అని అడుగుతున్నాడు. అవును అని కొట్టాలా, కాదు అని కొట్టాలా?” వాడి టెన్షన్ వాడిది. పక్కనుంచి మా అక్క, “ఒరేయ్, పాటలు పెట్టుకుంటే క్రైమేంట్రా?” అని అరుస్తోంది. చట్టాలేవీ తెలియని మా అక్కే అందరికంటే సరిగ్గా చెప్పింది. చివరికి ఆ చట్టం ఏమిటో వివరిస్తూ వేరే కాగితం జత చేస్తే గానీ గండం గడవలేదు.

ఇంట్లో వాడుకలో ఈ కబాహత్ మాటకు ఎంత చనువుందో చూడండి. “కబాహత్ సముర్ కురుక్కు అయినా ఎవడూ వీపు మీద వేసుకోడు” అని టర్కీలో ఒక సామెత ఉంది. సముర్ అంటే ఖరీదైన బొచ్చు జంతువు, కురుక్ అంటే దాని బొచ్చుతో కుట్టిన కోటు. తప్పు అంత విలువైన కోటైనా సరే, ఇది నాదని ఎవరూ భుజాన వేసుకోరు. ఇది చదవగానే నాకు గుమ్మడికాయల దొంగ గుర్తొచ్చాడు. వాళ్లవాడు భుజాన వేసుకోనంటాడు, మనవాడు భుజాలు తడుముకుంటాడు. ఈ సామెతను మిస్‌డిమీనర్ పెట్టి ఇంగ్లీష్ చేసి చూడండి, ఎలా ఉంటుందో!

ఇంకో విచిత్రం. పోలీసు సీరియళ్ల ఇంగ్లీష్ కాగితాల్లో అడుగడుగునా వచ్చేది ‘క్రైమ్ సీన్’. చాన్నాళ్లు నేను దాన్ని “నేరం జరిగిన చోటు” అని రాస్తూ వచ్చాను. అది పొడుగైపోయి లిప్‌లో ఇమిడేది కాదు. ఒకరోజు టర్కిష్ గొంతు విన్నాను. వాళ్లు అంటున్నది ‘ఒలాయ్ యెరి’. ఒలాయ్ అంటే ఘటన, యెరి అంటే స్థలం. అచ్చంగా మన పేపర్లలో ఉండే “ఘటనా స్థలం”! నేరం జరిగిందో లేదో తేలకముందే ఇంగ్లీష్‌వాడు దాన్ని క్రైమ్ అనేస్తాడు, టర్కీవాళ్లూ మనమూ ఇంకా ఘటన అనే అంటాం. అలాగే వాళ్ల వార్తల్లో రోజూ వినిపించే ‘సుచ్ దుయురుసు’ని మీ యాప్‌లో ఒకటి నేరం ప్రకటన అని అర్థం వచ్చేలా ఇచ్చింది. ఎవరో మైకు పట్టుకుని తన నేరం చాటుకున్నట్టుంది. అది మామూలు ఫిర్యాదు. విచారణ దశలో మనిషిని ‘శుప్‌హెలి’, కేసు కోర్టుకెక్కాక ‘సానిక్’, శిక్ష పడ్డాక ‘హుకుమ్‌లు’ అని వాళ్ల చట్టం వేరువేరుగా పిలుస్తుంది. మనకూ అనుమానితుడు, నిందితుడు, దోషి ఉన్నారు. సబ్‌టైటిల్లో ముగ్గురూ ‘క్రిమినల్’ అయిపోయి వచ్చినప్పుడు, పాపం, రెండో ఎపిసోడ్లోనే అమాయకుడికి శిక్ష పడిపోతుంది. కథ పదిహేనో ఎపిసోడ్ దాకా ఉంటుంది.

ఫిర్యాదు అన్నాను కదా. ఆ మాటా వాళ్లకుంది, ఫెర్యాత్ అంటారు. కాకపోతే వాళ్లకు అది గుండెలు బాదుకునే ఏడుపు. మన స్టేషన్లో కాగితం మీద రాసిచ్చేది, అక్కడ గొంతు చించుకునేది. పార్సీ నుంచి రెండిళ్లకూ వెళ్లిన ఆడపడుచన్నమాట. మన జరిమానాకు చుట్టమైన ‘జెరెమె’ అక్కడుంది, ఎవడో చేసిన దానికి ఇంకెవడో అనుభవించే చోట వాడతారు. మన ఖైదీకి చుట్టం ‘కయిత్’, దానర్థం నమోదు. మావాడు యూనివర్సిటీలో చేరిన రోజు “కయిత్ అయిపోయింది పిన్నీ” అంటే మా అక్క హడలిపోయింది. అన్నిటికంటే పెద్ద తమాషా ముద్దాయి. అరబీ మూలంలో అది దావా వేసినవాడు. టర్కీలో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని పాతకాలంలో ‘ముద్దేయియుమూమి’ అనేవాళ్లు. మన దగ్గరికి వచ్చేసరికి ముద్దాయి బోనెక్కాడు! ఒకచోట నేరం మోపేవాడు, ఇంకోచోట నేరం మోయేవాడు. మాట పుట్టిన ఊరు చూసి అర్థం రాసేవాళ్లు ఈ ఒక్కదాన్ని తలచుకుంటే చాలు.

రెడ్‌హౌస్ దొర 1890లో అచ్చువేసిన టర్కిష్ నిఘంటువు, బ్రౌన్ దొర 1852లో మాకు చేసిపెట్టిన తెలుగు నిఘంటువు, రెండూ చేత్తో కాగితాలు కూర్చుకుంటూ చేసినవి. బ్రౌన్ ఒక మాట ఇస్తే దాని పక్కన వాడుక చూపించేవాడు. మీ దగ్గర కోట్ల వాక్యాలు తినిపించిన యంత్రాలున్నాయి. మీకు అంతకంటే తేలిక కావాలి కదా.

ఇక ‘గ్యునాహ్’. ఇది లేకుండా సుచ్ సంగతి ముగియదు. గ్యునాహ్ అంటే పాపం, దేవుడి లెక్కలో తప్పు. ఇంగ్లీష్‌వాడు బిర్యానీలో కెచప్ వేసుకోవడం క్రైమ్ అని సరదాగా అంటాడే, అక్కడ టర్కీలో సుచ్ అంటే అతకదు. గ్యునాహ్ అనాలి, లేదా సిగ్గుచేటు అనే అర్థం వచ్చే ‘అయిప్’ అనాలి. మనమూ అక్కడ నేరం అనం, ఘోరం అంటాం. అన్నం పారేస్తే పాపం అంటాం. మరీ విచిత్రం ఏమిటంటే, వర్షంలో తడుస్తున్న కుక్కపిల్లను చూసి టర్కీ బామ్మ “యాజిక్, గ్యునాహ్” అంటుంది. యాజిక్ అంటే ఇప్పుడు అయ్యో అని, కానీ పాత తుర్కీలో అదీ పాపమే. ఇప్పుడు చెప్పండి, తడిసిన కుక్కపిల్లను చూసి తెలుగు బామ్మ ఏమంటుంది? “అయ్యో, పాపం!” తప్పు పేరు జాలి పేరుగా మారడం అక్కడా జరిగింది, ఇక్కడా జరిగింది. మధ్యలో ఉన్న ఇంగ్లీష్‌లో అది లేదు. అందుకని మాకు వచ్చే కాగితంలో ఆ బామ్మ కుక్కపిల్లను చూసి ‘సిన్’ అంటూ ఉంటుంది.

కాబట్టి అడుగుతున్నాను. సుచ్ పక్కన ముందు తప్పు అనే అర్థం పెట్టండి, నేరం అనే అర్థం తర్వాత పెట్టినా ఫరవాలేదు, ఎక్కువ మంది నోట వచ్చేది ఆ మొదటి అర్థమే. జినాయెత్ పక్కన, ఒట్టోమన్ కాలంలో వేరే అర్థం అని రాయండి. కబాహత్‌కి మిస్‌డిమీనర్ అని మాత్రం దయచేసి తీసేయండి, ఏమీ తోచకపోతే “జరిమానాతో పోయే తప్పు” అని ఇంగ్లీష్‌లో రాయండి, పొడుగైనా పిల్లల వీసాలు దక్కుతాయి. మాకు స్క్రిప్టు పంపేవాళ్లు ఇంగ్లీష్ కాగితంతోపాటు టర్కిష్ కాగితం కూడా పంపేలా చూడండి. టర్కిష్ వచ్చినవాళ్లు హైదరాబాద్‌లో మరీ అంత కరువేమీ కాదు.

నిన్న కొత్త ఎపిసోడ్ రాస్తున్నాను. దొంగతనం అంటగట్టి పనివాణ్ణి ఇంట్లోంచి గెంటేశాక, నగ బీరువా వెనకే దొరుకుతుంది. ముసలాయన కూలబడి “ఆదామిన్ గ్యునాహిని ఆల్దిక్” అంటాడు. ఇంగ్లీష్ కాగితంలో “మేం ఆ మనిషి పాపం తీసుకున్నాం” అన్న అర్థంలో ఉంది. నేను “అన్యాయంగా వాడి పాపం మూటగట్టుకున్నాం” అని రాశాను. ‘పాపం’లో ప దగ్గర ముసలాయన పెదవులు కలవలేదు. మళ్లీ రాయాలి.

ఇట్లు,
ఒక డబ్బింగ్ రచయిత్రి,
హైదరాబాద్